హైదరాబాద్ నుంచి శాన్ ఫ్రాన్సిస్కో: ఎంత దూరం, ఎన్ని గంటలు?

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే తల్లిదండ్రులు, చదువుకు వెళ్లే విద్యార్థులు విమాన దూరాల గురించి, ప్రయాణ సమయాల గురించి అడిగిన ప్రశ్నలు ఈసారి ఎక్కువగా వచ్చాయి. చాలామంది శాన్ ఫ్రాన్సిస్కో ప్రయాణం గురించే అడిగారు కాబట్టి జవాబులన్నీ ఆ దారినే పట్టుకుని ఇస్తున్నాం. ఇదే లెక్క డాలస్‌కైనా షికాగోకైనా వేసుకోవచ్చు.

ప్రశ్న: మా అబ్బాయి శాన్ ఫ్రాన్సిస్కో దగ్గరి శాన్ హోసేలో ఉంటాడు. హైదరాబాద్ నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు దూరం ఎంతని నెట్‌లో వెతికితే ఒకచోట 8,400 అని, ఇంకోచోట 7,300 అని, మరోచోట 13,500 అని, టికెట్లు అమ్మే సైట్‌లో 15,500 పైచిలుకు అని కనిపిస్తోంది. ఏది నిజం? – ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: నాలుగూ నిజమే. మొదటి మూడూ ఒకే దూరం, కొలత మాత్రమే వేరు. శంషాబాద్ విమానాశ్రయం నుంచి శాన్ ఫ్రాన్సిస్కో విమానాశ్రయానికి భూమి గుండ్రాన్ని అనుసరించి అతి దగ్గరి దారిలో కొలిస్తే సుమారు 13,540 కి.మీ. అమెరికా వాళ్లు వాడే మైళ్లలో అది 8,400 పైన. పైలట్లు, విమాన సంస్థలు వాడే నాటికల్ మైళ్లలో 7,300 పైన. మామూలు మైలు 1.609 కి.మీ., నాటికల్ మైలు 1.852 కి.మీ. సైట్‌లో అంకె పక్కన ఏ కొలత రాశారో చూడకుండా పోల్చితే వెయ్యేసి కిలోమీటర్ల తేడా వచ్చినట్టు కనిపిస్తుంది.

నాలుగోది మాత్రం వేరే దూరం. మీ టికెట్ దుబాయ్ మీదుగా ఉండి ఉంటుంది. హైదరాబాద్–దుబాయ్ దాదాపు 2,550 కి.మీ., దుబాయ్–శాన్ ఫ్రాన్సిస్కో దాదాపు 13,020 కి.మీ., రెండూ కలిపితే 15,570. అంటే దుబాయ్ మీదుగా వెళ్లడం వల్ల సుమారు 2,000 కి.మీ. ఎక్కువ తిరుగుతున్నారు. విమానం నిజంగా ఎగిరే దూరం దీనికన్నా ఇంకాస్త ఎక్కువే ఉంటుంది. గాలులను బట్టి, మూసిన గగనతలాలను బట్టి, దిగేముందు కొట్టే చక్కర్లను బట్టి ఆ అదనం రోజురోజుకూ మారుతుంది.

ప్రశ్న: పదో తరగతి పిల్లలకు గణితం చెబుతాను. ఈ దూరాన్ని వాళ్లతో లెక్క కట్టించవచ్చా? – ఒక ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: తప్పకుండా కట్టించండి. త్రికోణమితి నేర్చుకునే పిల్లలకు ఇంతకన్నా మంచి లెక్క దొరకదు. కావలసినవి రెండు విమానాశ్రయాల అక్షాంశ రేఖాంశాలు, సైన్, కొసైన్ ఉన్న ఒక క్యాలిక్యులేటర్.

శంషాబాద్: 17.24 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.43 డిగ్రీల తూర్పు రేఖాంశం. శాన్ ఫ్రాన్సిస్కో: 37.62 ఉత్తరం, 122.38 పడమర. ఒకటి తూర్పు, ఒకటి పడమర కాబట్టి రేఖాంశాలను కూడాలి: 200.81. ఇది 180 దాటింది కనుక 360 నుంచి తీసేయాలి: 159.19 డిగ్రీలు. పిల్లలు ఎక్కువగా తప్పేది ఈ మెట్టు దగ్గరే.

ఇప్పుడు రెండు అక్షాంశాల సైన్లను గుణించండి: 0.2964 × 0.6104 = 0.1809. రెండు అక్షాంశాల కొసైన్లను గుణించి, దాన్ని రేఖాంశాల తేడా కొసైన్‌తో గుణించండి: 0.9551 × 0.7921 × (−0.9348) = −0.7072. రెండింటినీ కూడితే −0.5263. ఏ కోణం కొసైన్ ఇంత అవుతుందో క్యాలిక్యులేటర్‌లో విలోమ కొసైన్ మీట నొక్కి చూస్తే దాదాపు 121.76 డిగ్రీలు. భూమి మీద ఒక డిగ్రీ అంటే 111.2 కి.మీ. గుణిస్తే 13,540 కి.మీ. వచ్చేస్తుంది. క్యాలిక్యులేటర్ రేడియన్లలో ఉంటే జవాబు అర్థంలేకుండా వస్తుంది, ముందే డిగ్రీలకు మార్చించండి.

భూమి అచ్చమైన గోళం కాదు, ధ్రువాల దగ్గర కొద్దిగా నొక్కినట్టు ఉంటుంది. అందుకే ఈ పద్ధతిలో వచ్చే దూరానికీ అసలు దూరానికీ అర శాతం లోపు తేడా ఉండొచ్చు. ప్రయాణానికి అది లెక్కలోది కాదు.

ప్రశ్న: పటంలో చూస్తే అమెరికా మనకు పడమర. మరి విమానం ఉత్తర ధ్రువం వైపు ఎందుకు పోతుంది? చుట్టూ తిప్పి తీసుకెళ్తున్నారా? – కాకినాడ

జవాబు: గోడకు తగిలించిన పటం చూసి చాలామంది ఇలాగే అనుకుంటారు. ఆ పటంలో ధ్రువాల దగ్గరి ప్రాంతాలు సాగదీసి ఉంటాయి. గ్లోబు తీసుకుని హైదరాబాద్ మీద ఒక దారం కొస పెట్టి, డాలస్ మీద రెండో కొస పెట్టి బిగించి లాగండి. దారం యూరప్ మీదుగా పోదు, దాదాపు ఉత్తర ధ్రువం పక్కనుంచి పోతుంది. లెక్క ప్రకారం హైదరాబాద్–డాలస్ సూటి దారి 85 డిగ్రీల అక్షాంశం దాటుతుంది, అంటే ధ్రువానికి 500 కి.మీ. పైచిలుకు దూరంలో. మొత్తం దూరం సుమారు 14,400 కి.మీ. డాలస్, హైదరాబాద్ భూగోళానికి అటొకటి ఇటొకటిగా ఉండటమే దీనికి కారణం.

శాన్ ఫ్రాన్సిస్కో సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. దాని సూటి దారి హైదరాబాద్ నుంచి ఉత్తరానికి కొంచెం తూర్పుగా బయలుదేరుతుంది. టిబెట్, మంగోలియా పరిసరాలు, సైబీరియా, ఆ తర్వాత అలాస్కా వైపు. పడమటి దేశానికి తూర్పు నుంచి వెళ్లడమే దగ్గర.

అయితే విమానం ఆ గీత మీదే నడవదు. టిబెట్ పీఠభూమి సగటున 4,000 మీటర్లకు పైనే ఉంటుంది. విమానంలో గాలి పీడనం పోతే పైలట్ వెంటనే 10,000 అడుగులకు, అంటే 3,000 మీటర్ల చిల్లరకు దిగాలి. తలపై నుంచి రాలే మాస్కుల్లో ప్రయాణికులకు వచ్చే ఆక్సిజన్ చాలా విమానాల్లో 12 నుంచి 20 నిమిషాలకు మించదు. కింద కొండే అంతకన్నా ఎత్తుగా ఉంటే దిగేదెక్కడికి? అందుకే ఆ పీఠభూమిని తప్పించి పోతారు, లేదంటే ఆక్సిజన్ ఎక్కువున్న విమానాలతో ముందే తప్పించుకునే దారులు గీసుకుని పోతారు.

ధ్రువం దగ్గర ఇబ్బంది వేరు. విమాన ఇంధనం చలికి గడ్డకడుతుంది. మన దగ్గర నింపే జెట్ ఎ–1 రకం మైనస్ 47 డిగ్రీల వరకు తట్టుకుంటుంది, అమెరికాలో నింపే జెట్ ఎ రకం మైనస్ 40 వరకే. రెక్కల్లో ఇంధనం ఆ హద్దుకు దగ్గరపడుతుంటే పైలట్లు వేగం పెంచుతారు, లేదా కాస్త వెచ్చగా ఉన్న ఎత్తుకు మారుతారు. రెండు ఇంజన్ల విమానం ఒక ఇంజన్ ఆగితే చేరుకోగలిగిన విమానాశ్రయం నిర్ణీత సమయంలోపు ఉండేలా దారి వేయాలనే నియమం కూడా ఉంది. ఆర్కిటిక్‌లో అలాంటి చోట్లు తక్కువ. తుపానో మంచో వచ్చి వాటిలో ఒకటి మూతపడితే ఆ రోజు దారి మారుతుంది, అరగంటో గంటో పెరుగుతుంది.

ప్రశ్న: దూరం ఒక్కటే అయినప్పుడు వెళ్లేటప్పుడు ఎక్కువ గంటలు, వచ్చేటప్పుడు తక్కువ గంటలు ఎందుకు? భూమి తిరగడం వల్లనా? – ఇంజనీరింగ్ విద్యార్థి, వరంగల్

జవాబు: భూమితో పాటు గాలి కూడా తిరుగుతుంది, విమానం ఆ గాలిలోనే ఎగురుతుంది. కాబట్టి కింద భూమి తిరిగి ఊరు దగ్గరకొచ్చేయడం అంటూ ఉండదు. అసలు కారణం పైన వీచే గాలులు. విమానాలు ఎగిరే 30,000 నుంచి 40,000 అడుగుల ఎత్తులో పడమర నుంచి తూర్పుకు సన్నటి పట్టీలా బలమైన గాలులు వీస్తాయి. వీటినే జెట్ స్ట్రీమ్ అంటారు. చలికాలంలో ఇవి గంటకు 200 కి.మీ. దాటడం మామూలే. విమానానికి గాలిలో ఉన్న వేగం గంటకు 900 కి.మీ. అనుకుంటే, వెనకనుంచి 150 కి.మీ. గాలి తోస్తే నేల మీద లెక్కకు 1,050, అదే గాలి ఎదురైతే 750. న్యూయార్క్ నుంచి ఢిల్లీకి వచ్చేటప్పుడు, ఢిల్లీ నుంచి న్యూయార్క్ వెళ్లేటప్పుడు ఒకటిన్నర రెండు గంటల తేడా రావడానికి ఇదే కారణం.

ఈ గాలిని తెలివిగా వాడుకున్న ఉదాహరణ మన దేశంలోనే ఉంది. ఎయిర్ ఇండియా ఢిల్లీ–శాన్ ఫ్రాన్సిస్కో విమానం మొదట్లో పడమరగా, అట్లాంటిక్ మీదుగా వెళ్లేది. 2016 అక్టోబరులో దాన్ని తూర్పుగా, పసిఫిక్ మీదుగా నడిపారు. దూరం 15,300 కి.మీ., పాత దారికన్నా దాదాపు 1,400 కి.మీ. ఎక్కువ. అయినా పద్నాలుగున్నర గంటల్లో చేరింది, పాత దారికన్నా దాదాపు రెండు గంటలు ముందే. దూరం పెరిగి సమయం తగ్గింది. కిలోమీటర్లు చూసి గంటలు ఊహించేవారికి మేం మొదట చెప్పేది ఈ సంగతే.

దుబాయ్, దోహాల నుంచి శాన్ ఫ్రాన్సిస్కో వెళ్లే విమానాలు చాలాసార్లు ధ్రువం దగ్గరగా, ఉత్తరానికి ఎక్కి దక్షిణానికి దిగుతాయి. గాలికి అడ్డంగా పోతాయి కాబట్టి అక్కడ రాకపోకల మధ్య తేడా అంతగా ఉండదు.

ప్రశ్న: మొన్న విమానంలో సీటు ముందు తెర మీద వేగం 1,090 అని చూపింది. అంత వేగం విమానానికి ప్రమాదం కాదా? – నిజామాబాద్

జవాబు: అది నేలతో పోల్చిన వేగం, గాలితో పోల్చినది కాదు. వెనకనుంచి గాలి తోస్తుండగా వచ్చిన అంకె. విమానం రెక్కలకు తెలిసేది చుట్టూ ఉన్న గాలిలోని వేగమే, అది ఎప్పటిలాగే ధ్వని వేగంలో 85 శాతం దగ్గర ఉంటుంది. కంగారు అక్కర్లేదు.

ప్రశ్న: మా టికెట్ మీద మంగళవారం ఉదయం 4:10కి హైదరాబాద్‌లో బయలుదేరి, అదే మంగళవారం మధ్యాహ్నం 1:00కి శాన్ ఫ్రాన్సిస్కో చేరుతుందని ఉంది. అంటే తొమ్మిది గంటల ప్రయాణమేనా? మా బంధువులేమో ఇరవై గంటలు పైనే అంటున్నారు. – ఏలూరు

జవాబు: మీ బంధువులు చెప్పిందే సరైనది. టికెట్ మీద ప్రతి సమయమూ ఆ ఊరి స్థానిక సమయం. లెక్క కట్టాలంటే అన్నిటినీ ఒకే గడియారానికి తేవాలి. మనకు సులువు భారత సమయమే.

మీ ప్రయాణం జూన్‌లో అనుకుందాం. వేసవిలో శాన్ ఫ్రాన్సిస్కో మనకన్నా 12 గంటల 30 నిమిషాలు వెనక. అక్కడ మంగళవారం మధ్యాహ్నం 1:00 అంటే ఇక్కడ అర్ధరాత్రి దాటి బుధవారం 1:30. ఉదయం 4:10 నుంచి మర్నాడు 1:30 వరకు 21 గంటల 20 నిమిషాలు. దీన్ని విడగొడితే: హైదరాబాద్ నుంచి దుబాయ్ 3 గంటల 50 నిమిషాలు. భారత సమయం 8:00, దుబాయ్ మనకన్నా గంటన్నర వెనక కాబట్టి అక్కడ 6:30. అక్కడ రెండు గంటలు ఆగి 8:30కి బయలుదేరి 15 గంటల 30 నిమిషాలు ఎగిరితే లెక్క సరిపోతుంది.

ఇక్కడ జాగ్రత్తపడాల్సింది ఒకటుంది. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకు జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం మళ్లీ వెనక్కి తెస్తారు. చలికాలంలో తేడా 13 గంటల 30 నిమిషాలు. అప్పుడు ఇదే విమానం, ఇదే ప్రయాణ సమయంతో, అక్కడ మధ్యాహ్నం 12:00కే దిగుతుంది. డాలస్, షికాగోలకైతే వేసవిలో 10:30, చలికాలంలో 11:30 గంటలు వెనక. న్యూయార్క్, న్యూజెర్సీలకు 9:30, 10:30. భారత్‌లోనూ దుబాయ్‌లోనూ గడియారం మార్చే అలవాటు లేదు కాబట్టి తేడా అంతా అటువైపు నుంచే వస్తుంది.

తిరుగు ప్రయాణంలో పొరపాటు ఇంకా ఎక్కువ జరుగుతుంది. వేసవిలో సోమవారం సాయంత్రం 4:00కి శాన్ ఫ్రాన్సిస్కోలో ఎక్కితే, దుబాయ్‌కి చేరేసరికి మంగళవారం సాయంత్రం 6:40 అవుతుంది. అక్కడ రాత్రి 10:00కి ఎక్కితే శంషాబాద్‌లో దిగేది బుధవారం తెల్లవారుజామున 3:00 ప్రాంతంలో. కారు పంపేవాళ్లు మంగళవారం రాత్రే బయలుదేరాలి. ‘బుధవారం రాత్రి’ అనుకుని ఊరుకుంటే పెద్దవాళ్లు విమానాశ్రయంలో రోజంతా కూర్చోవాల్సి వస్తుంది. టికెట్‌లో చేరే సమయం పక్కన ‘+1’, ‘+2’ అని చిన్నగా ఉంటుంది, బయలుదేరిన తేదీకి అన్ని రోజులు కలపాలని దాని అర్థం.

ప్రశ్న: టికెట్ కొనకముందే ఎన్ని గంటలు పడుతుందో ఉజ్జాయింపుగా తెలుసుకోవడానికి లెక్కేమైనా ఉందా? – నెల్లూరు

జవాబు: కిలోమీటర్లను 870తో భాగించి 40 నిమిషాలు కలపండి. విమానం పైకి లేవడం, కిందికి దిగడం, రన్‌వే దాకా నెమ్మదిగా వెళ్లడం ఆ 40 నిమిషాల్లో వచ్చేస్తాయి. దుబాయ్–శాన్ ఫ్రాన్సిస్కో 13,020 కి.మీ.కి 15 గంటల 38 నిమిషాలు వస్తుంది, టైంటేబుల్‌కు దగ్గరే. హైదరాబాద్–లండన్ 7,750 కి.మీ.కి తొమ్మిదిన్నర గంటలు వస్తుంది. పడమరగా వెళ్లేటప్పుడు దానికి అరగంట నుంచి గంట కలపండి, తూర్పుగా వచ్చేటప్పుడు అరగంట తగ్గించండి.

ప్రశ్న: బెంగళూరు నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు నేరుగా విమానం నడిపారు కదా. హైదరాబాద్ నుంచి ఎందుకు లేదు? మనం దూరమా? – సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మాదాపూర్

జవాబు: దూరం కారణం కాదు. బెంగళూరు–శాన్ ఫ్రాన్సిస్కో దాదాపు 14,000 కి.మీ. హైదరాబాదే 450 కి.మీ. దగ్గర.

2021 జనవరిలో ఎయిర్ ఇండియా ఆ దారిలో మొదటి విమానాన్ని నడిపింది. కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో పైలట్లందరూ మహిళలే. శాన్ ఫ్రాన్సిస్కోలో బయలుదేరి ఉత్తర ధ్రువం మీదుగా బెంగళూరు చేరారు. ఆకాశంలో పదిహేడు గంటల ప్రయాణం. అదే నెలలో హైదరాబాద్ నుంచి షికాగోకూ ఎయిర్ ఇండియా నేరుగా విమానం వేసింది. ఆ దూరం సుమారు 13,300 కి.మీ. అది నిలవలేదు.

నిలవకపోవడానికి కారణాలు తెలిస్తే ఎప్పుడు మళ్లీ వస్తుందో అంచనా వేసుకోవచ్చు. మొదటిది విమానం. ఆ దూరం హాయిగా వెళ్లగలిగిన బోయింగ్ 777–200 ఎల్‌ఆర్ లాంటివి మన దేశంలో కొద్దిగానే ఉండేవి. దాని గరిష్ఠ పరిధి 15,800 కి.మీ. పైనే అని బోయింగ్ చెబుతుంది. అయితే ఆ అంకె మంచి వాతావరణంలో, నిర్ణీత బరువుతో. ఎదురుగాలి, ప్రత్యామ్నాయ విమానాశ్రయానికి కావలసిన ఇంధనం, చుట్టుదారి ఇవన్నీ అందులోంచే తీయాలి.

రెండోది బరువు. 777 రకం పెద్ద విమానం గంటకు 7 నుంచి 8 టన్నుల ఇంధనం తాగుతుంది. పదహారు గంటలకు 110 టన్నులు దాటుతుంది. ఆ ఇంధనాన్ని మోయడానికే మళ్లీ ఇంధనం కావాలి. ఎదురుగాలి బలంగా ఉన్న రోజుల్లో సరకు తగ్గిస్తారు, సీట్లు ఖాళీగా వదిలేస్తారు, కొన్నిసార్లు సూట్‌కేసులు తర్వాతి విమానంలో పంపుతారు. మీ సామాను ఒక రోజు ఆలస్యంగా వస్తే దాని వెనక ఇదీ ఉండొచ్చు. ఒకటి రెండు రోజుల మందులు, ఒక జత బట్టలు చేతి సంచిలో ఉంచుకోమని మేం గట్టిగా చెప్పేది అందుకే.

మూడోది ఆకాశ హద్దులు. 2022 ఫిబ్రవరి తర్వాత రష్యా గగనతలం అమెరికా, యూరప్ విమాన సంస్థలకు మూసుకుపోయింది. భారత సంస్థలకు తెరిచే ఉంది. కాబట్టి అమెరికా పడమటి తీరం నుంచి మన దక్షిణాదికి నేరుగా నడపడం అమెరికా సంస్థలకు గిట్టుబాటు కాని పనైపోయింది. భారత సంస్థలకు ఇంకో చిక్కు. పాకిస్తాన్ 2019 ఫిబ్రవరి నుంచి జులై దాకా, మళ్లీ 2025 ఏప్రిల్ నుంచి తన ఆకాశాన్ని మూసింది. 2025లో ఢిల్లీ, ఉత్తర అమెరికాల మధ్య తిరిగే ఎయిర్ ఇండియా విమానాలు కొన్ని ఇంధనం కోసం వియన్నా లాంటి చోట్ల దిగాల్సి వచ్చింది. నేరుగా అని కొన్న టికెట్ కూడా అలాంటప్పుడు ఆగి వెళ్లే ప్రయాణమవుతుంది.

ఎక్కేవాళ్ల సంఖ్య చాలకపోవడం సమస్య కాదని మా అభిప్రాయం. బే ఏరియాలో, అంటే శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ఊళ్లలో, తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారో అందరికీ తెలుసు. అయితే ఏడాది పొడవునా, ముందు వరుసల ఖరీదైన సీట్లతో సహా నిండితేనే ఇంత పొడవు దారి నిలబడుతుంది. వేసవి సెలవుల రద్దీ ఒక్కటే చాలదు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు 15,300 కి.మీ. పైచిలుకు, పద్దెనిమిదిన్నర గంటల పైన నడిచే విమానాన్ని చూడండి. అందులో ఎకానమీ సీట్లే పెట్టలేదు, అన్నీ బిజినెస్, ప్రీమియం ఎకానమీలే. అంత దూరానికి లెక్క అలా కుదిరింది.

ప్రశ్న: మధ్యలో ఏ ఊర్లో ఆగితే దూరం తక్కువ? ఢిల్లీ, దుబాయ్, దోహా, ఫ్రాంక్‌ఫర్ట్, సింగపూర్, హాంకాంగ్ అన్నీ కనిపిస్తున్నాయి. – గుంటూరు

జవాబు: దూరంలో ఢిల్లీని మించింది లేదు. హైదరాబాద్–ఢిల్లీ–శాన్ ఫ్రాన్సిస్కో 13,650 కి.మీ., సూటి దూరం కన్నా వంద కిలోమీటర్ల చిల్లర మాత్రమే ఎక్కువ. ఢిల్లీ దాదాపు దారిలోనే ఉంది. తర్వాత హాంకాంగ్ 14,880, దుబాయ్ 15,570, దోహా 15,900, ఫ్రాంక్‌ఫర్ట్ 16,270, లండన్ 16,370, సింగపూర్ 16,900. తూర్పున ఉన్న హాంకాంగ్ దుబాయ్‌కన్నా దగ్గర అంటే చాలామంది నమ్మరు. అయితే హాంకాంగ్, సింగపూర్‌ల నుంచి వెళ్లేటప్పుడు పసిఫిక్ మీద గాలి తోడవుతుంది, తిరిగి వచ్చేటప్పుడు ఎదురవుతుంది. సింగపూర్ దారిలో తిరుగు ప్రయాణానికి గంట రెండు గంటలు ఎక్కువ పెట్టుకోండి.

అయినా దూరం చూసి మాత్రమే ఊరు ఎంచుకోకండి. ఢిల్లీ దారిలో దుబాయ్‌కన్నా 1,900 కిలోమీటర్లు కలిసొచ్చినా, అక్కడ ఆరేడు గంటలు కూర్చోవాల్సి వస్తే దుబాయే నయం. ఇంకో ప్రమాదం: కొందరు డబ్బు మిగులుతుందని హైదరాబాద్–ఢిల్లీ ఒక టికెట్, ఢిల్లీ–శాన్ ఫ్రాన్సిస్కో వేరే టికెట్ కొంటారు. దేశీయ విమానంలో ఎకానమీ సామాను సాధారణంగా 15 కిలోలే. అమెరికా టికెట్‌కు మామూలుగా 23 కిలోల పెట్టెలు రెండు ఇస్తారు. 46 కిలోలతో శంషాబాద్ కౌంటర్‌కు వెళ్తే 31 కిలోలకు అదనపు రుసుం కట్టాలి. పైగా మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే రెండో సంస్థకు బాధ్యత ఉండదు, టికెట్ డబ్బు పోయినట్టే. ఒకే పీఎన్‌ఆర్ మీద ఉంటే తర్వాతి విమానంలో ఎక్కించే బాధ్యత వాళ్లదే. మిగిలే నాలుగైదు వేల కోసం ఇంత సాహసం చేయొద్దు.

మధ్యలో ఆగే సమయం రెండున్నర నుంచి నాలుగు గంటలు ఉంటే మంచిది. పైన ఏలూరు పాఠకులకు చూపిన రెండు గంటలు అలవాటున్నవాళ్లకు చాలుతుంది, పెద్దవాళ్లకు తక్కువే. శాన్ ఫ్రాన్సిస్కోకు నేరుగా దిగకుండా షికాగోలోనో న్యూయార్క్‌లోనో మారేలా టికెట్ ఉంటే అక్కడ మూడు గంటలకు తగ్గకుండా చూడండి. మామూలుగా అమెరికాలో మొదట అడుగుపెట్టిన ఊర్లోనే ఇమిగ్రేషన్ అవుతుంది. పెట్టెలు ఇండియాలో చివరి ఊరిదాకా ట్యాగ్ వేసినా, అక్కడ బెల్టు మీదినుంచి తీసుకుని కస్టమ్స్ దాటి మళ్లీ అప్పగించాలి, మళ్లీ సెక్యూరిటీ చెక్‌కు వెళ్లాలి. అబుదాబీ మీదుగా వెళ్లే విమానాల్లో అమెరికా ఇమిగ్రేషన్ అబుదాబీలోనే పూర్తి చేస్తారు. దిగాక దేశీయ ప్రయాణికుల్లా బయటికి రావొచ్చు. అయితే ఆ తనిఖీకి అక్కడే ఎక్కువ సమయం కావాలి, అబుదాబీలో మూడు గంటలైనా ఉండేలా చూసుకోండి.

ప్రశ్న: అమ్మకు 70 ఏళ్లు, బీపీ ఉంది. పదహారు గంటల ఒక్క విమానం మంచిదా, ఎనిమిదేసి గంటల రెండు విమానాలు మంచివా? – విజయవాడ

జవాబు: మోకాళ్ల నొప్పులు ఉంటే, ఎక్కువసేపు కూర్చోలేకపోతే ఫ్రాంక్‌ఫర్ట్, లండన్ దారులు నయం. ఏడు వేల కిలోమీటర్లకు ఒకటి, తొమ్మిది వేలకు ఒకటిగా ప్రయాణం దాదాపు సగానికి విరుగుతుంది. దుబాయ్ దారిలో ఒక విమానం నాలుగు గంటలు, రెండోది పదహారు గంటలు. భాష ఇబ్బంది, ఒంటరి ప్రయాణం అయితే దుబాయ్, దోహాల్లో తోటి తెలుగువాళ్లు ఎక్కువగా తగులుతారు, అదీ ఒక ధైర్యమే. రెంటిలో ఏదైనా వీల్‌చెయిర్ సాయం టికెట్ కొన్నప్పుడే రాయించండి, బయలుదేరేముందు రోజు ఫోన్ చేసి నమోదైందో లేదో చూడండి.

నాలుగు గంటలు దాటిన ప్రయాణంలో కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే అవకాశం పెరుగుతుంది. గంటకోసారి లేచి నడవాలి, లేవలేనప్పుడు పాదాలు పైకీ కిందికీ ఆడించాలి. అందుకే నడవ పక్క సీటు ముందే తీసుకోండి. ఎంచుకునే వీలుంటే బోయింగ్ 787, ఎయిర్‌బస్ ఎ350 విమానాలు చూడండి. వాటిలో లోపలి గాలి 6,000 అడుగుల ఎత్తులో ఉన్నట్టు ఉంచుతారు, పాత రకాల్లో అది 8,000 అడుగుల దాకా పోతుంది. ఊపిరికి, తలనొప్పికి ఆ తేడా తెలుస్తుంది.

బీపీ మాత్రల విషయంలో ప్రయాణం రోజు గడియారం మార్చకుండా భారత సమయం ప్రకారమే వేసుకోవడం చాలామందికి సులువు. అక్కడికి చేరాక ఏ పూటకు మార్చాలో బయలుదేరేముందే డాక్టరును అడిగి కాగితం మీద రాయించుకోండి. ఇన్సులిన్ వాడేవారు మాత్రం సొంత లెక్కలు వేసుకోకూడదు, పన్నెండు గంటల పైన తేడా వచ్చినప్పుడు మోతాదు డాక్టరే చెప్పాలి. మందులన్నీ చీటీతో సహా చేతి సంచిలోనే పెట్టండి. చీటీ మీద మందు పేరు కంపెనీ పేరుతో కాకుండా అసలు రసాయనం పేరుతో ఉంటే అక్కడ అవసరమైనప్పుడు కొనడానికీ, కస్టమ్స్‌లో చూపడానికీ పనికొస్తుంది.